రెండో ఛానెల్

కరోనా వెనక్కి తగ్గి, గచ్చిబౌలి నుంచి నల్లగండ్ల దాకా అద్దాల మేడల్లోకి జనం మళ్లీ మెడలో బ్యాడ్జీలు వేసుకుని రావడం మొదలుపెట్టిన ఏడాది. ఆ వానాకాలం సంగతి ఇది. నా పేరు యాదగిరి. వాకీటాకీలు బాగుచేస్తాను. లింగంపల్లిలో చిన్న షాపు. ఐటీ కంపెనీల గేట్ల దగ్గర, మాల్స్ పార్కింగుల్లో సెక్యూరిటీ వాళ్ల నడుముకు వేలాడే సెట్లలో సగం నా బల్ల మీదికి ఒక్కసారైనా వచ్చినవే. బ్యాటరీ ఉబ్బిందని తెస్తారు, బటన్ నొక్కితే గరగరమంటోందని తెస్తారు. చాయ్‌లో ముంచి తెచ్చి, "నేనేం చెయ్యలే సార్, దానంతటదే ఖరాబైంది" అంటారు. మూత తీస్తే లోపల చక్కెర పాకం. ఇన్నేళ్లలో నిజం చెప్పిన గార్డును ఒక్కణ్ని కూడా చూడలేదు.

ఈ పని వల్లే నాకు అమెచ్యూర్ రేడియో అంటుకుంది. దీన్ని హామ్ రేడియో అంటారు. ప్రభుత్వం పెట్టే పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకుంటే మనకంటూ ఒక కాల్‌సైన్ ఇస్తారు. ఫోన్ కంపెనీతో పని లేదు, నెట్‌తో పని లేదు, ఒక సెట్టూ ఒక యాంటెనా ఉంటే ఊళ్లోనూ మాట్లాడొచ్చు, గాలి బాగుంటే దేశాలు దాటీ మాట్లాడొచ్చు. డాబా మీద అల్యూమినియం గొట్టాలు నిలబెడుతుంటే మా ఆవిడ కింద నుంచి చూసి, "పిచ్చి ముదిరింది, ఇగ రోకలి తలకు చుట్టుండ్రి" అంది. ఆమె ఇప్పటికీ అదే మాట మీద ఉంది.

మా చుట్టుపక్కల ఉన్న హామ్‌లందరం కలిసి ఒక క్లబ్బు పెట్టుకున్నాం. ఆదివారాలు పిల్లలకు మోర్స్ కోడ్ నేర్పుతాం. వినాయక నిమజ్జనం రోజు చెరువు గట్ల మీద నిలబడి, తప్పిపోయిన పిల్లల గుర్తులు ఒకరికొకరం చెప్పుకుంటాం. పొద్దున్నే పరుగు పందేలు పెడితే దారి పొడవునా సెట్లు పట్టుకుని, ఎవరైనా కళ్లు తిరిగి పడితే అంబులెన్సుకు కబురు పెడతాం. దీనికి జీతం లేదు, ఎండలో నిలబడ్డందుకు ఒక మజ్జిగ ప్యాకెట్ ఇస్తే గొప్ప.

ఇలాంటి రోజుల్లో ఒకడు పెద్దమనిషిగా కూర్చోవాలి. ఎవరు ముందు మాట్లాడాలో, ఎవరు ఆగాలో వాడు చెప్తాడు. ఇలా అందరం ఒకే ఛానెల్ మీద కలిసి పనిచెయ్యడాన్ని నెట్ అంటాం, ఆ పెద్దమనిషి పనిని నెట్ కంట్రోల్ అంటారు. గొంతు కటువుగా ఉంటుందని ఆ పని ఎప్పుడూ నాకే అంటగట్టేవాళ్లు.

మాకొక పద్ధతి ఉంది, ఈ కథంతా దాని చుట్టూ తిరుగుతుంది కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. మేం మాట్లాడే మొదటి ఛానెల్ అందరి సెట్లలోనూ పైకి వినిపిస్తుంది. సెట్టు చుట్టూ ఎప్పుడూ జనం ఉంటారు. వాళ్లలో ఎవరి తండ్రి కోసం వెతుకుతున్నామో, ఎవరి బిడ్డ కోసం వెతుకుతున్నామో వాళ్లు కూడా ఉంటారు. అందుకని చెడు కబురు మొదటి ఛానెల్లో చెప్పకూడదు. చెప్పాల్సిన మనిషి "క్యూ ఎస్ వై" అంటాడు. ఇది పాతకాలం నుంచి రేడియో వాళ్లు వాడే మాట, వేరే ఫ్రీక్వెన్సీకి మారదాం అని అర్థం. అనగానే ఇద్దరం రెండో ఛానెల్‌కు మారి, చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని మాట్లాడుకుంటాం. పోలీసులు వచ్చి ఖాయం చేసుకుని, వాళ్లే ఇంటివాళ్లకు చెప్పాలి. అప్పటిదాకా మా నోటి వెంట మాట రాకూడదు. మంచి పద్ధతే. మర్యాద తెలిసినవాళ్లు పెట్టిన పద్ధతి.

ఆ వానాకాలంలో ఒక రాత్రంతా కుండపోత. తెల్లారేసరికి గోపన్‌పల్లి వైపు వాననీళ్లు పోయే నాలా పొంగి, దాని పక్కన రేకుల ఇళ్ల బస్తీలోకి నడుముల్లోతు నీళ్లొచ్చాయి. కరెంటు పోయింది. కాసేపటికి ఫోన్ టవర్ల బ్యాటరీలు కూడా చచ్చిపోయాయి. సగం ప్రపంచానికి సాఫ్ట్‌వేర్ రాసిచ్చే చోట పక్క వీధికి ఫోన్ కలవడం లేదంటే ఎవరైనా నమ్ముతారా? అక్కడికి కూతవేటు దూరంలో అద్దాల మేడలు జనరేటర్ల మీద వెలుగుతూనే ఉన్నాయి. మేము మాత్రం కారు బ్యాటరీలు మోసుకుంటూ బయల్దేరాం.

నేను కమ్యూనిటీ హాల్లో ఒక బల్ల మీద సెట్టు, స్పీకరు పెట్టుకుని నెట్ కంట్రోల్‌గా కూర్చున్నాను. బస్తీ వాళ్లను ట్రాక్టర్లలో నల్లగండ్ల వైపున్న సర్కారు బడికి తరలిస్తున్నారు. అక్కడ మాధవి ఉంది. కాకినాడ అమ్మాయి, సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టర్. రేడియోలో మాటలు పొదుపుగా వాడాలి తల్లీ, ప్రతిదానికీ 'అండి' తగిలించకు అని నేను విసుక్కుంటే, "అలాగేనండి" అంటుంది. నాలా వెంబడి వెతికే ఫైర్ వాళ్లతో ఓబులేసు నడుస్తున్నాడు. కడప మనిషి, ప్లాట్ల వ్యాపారం. నోట్లో నువ్వు గింజ నానదు. అందరికంటే ఖరీదైన సెట్టు కొని, "నీళ్లలో పడినా పాట పాడతాదన్నా ఇది" అని కనబడిన ప్రతివాడికీ చూపించేవాడు. ఆ రోజు పొద్దున కూడా మొదటి ఛానెల్లో, "అన్నా, మోకాలి పైకి ఉండాయి నీళ్లు. నా ప్యాంటు గురించి ఇంట్లో అడిగితే నువ్వే సాక్ష్యం. ఓవర్" అన్నాడు. హాల్లో నలుగురు నవ్వారు.

అప్పుడే స్వరూప వచ్చింది. ముప్ఫై ఏళ్లుంటాయేమో. చీర మోకాళ్ల దాకా బురద. వాకిట్లో నిలబడి, లోపల ఎవరిని అడగాలో తెలియక అందరి ముఖాలూ చూసింది. చివరికి స్పీకర్లో మాటలు వినిపిస్తున్నాయని నా బల్ల దగ్గరికి వచ్చింది.

"అన్నా, మా ఆయన ఇంకా రాలే. నీకేమన్న తెలుస్తదా దీంట్ల?"

ఏమైందమ్మా అంటే చెప్పింది. భర్త పేరు శ్రీశైలం. నల్లగండ్లలో మూడు నాలుగు అపార్ట్‌మెంట్లకు మోటార్లు, పైపులు చూసుకుంటాడు. తెల్లవారుజామున, ఫోన్లు ఇంకా పనిచేస్తుండగానే, సెల్లార్లోకి నీళ్లొస్తున్నాయని ఒక అపార్ట్‌మెంటు వాళ్లు పిలిచారు. బండి మీద వెళ్లాడు. వెళ్లాలంటే నాలా మీద చిన్న కల్వర్టు దాటాలి.

"పోకయ్యా, వాన తగ్గినంక పోదువు అన్న. సెల్లార్ల కరెంటు పెట్టె ఉంటది, ఎవలకన్న షాక్ కొడితే ఎట్ల, గిట్ల పోయి గట్ల వస్త అన్నడు. నేను బిడ్డను, మా అత్తను ట్రాక్టర్ ఎక్కించిన. ఆయనొస్తే ఇల్లు తాళం చూసి పరేషాన్ అయితడని నేనే ఆగిన."

గుర్తులు అడిగాను. నీలం గళ్ల చొక్కా, చేతికి ఎర్ర దారం, ముందు పన్ను కొంచెం విరిగి ఉంటుంది. మొదటి ఛానెల్లో అందరికీ చెప్పాను. అపార్ట్‌మెంటు వైపు ఉన్న మా వాణ్ని అడిగితే, శ్రీశైలం అక్కడికి రానేలేదని తెలిసింది. అది స్పీకర్లోనే వినిపించింది. స్వరూప విన్నది.  ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని బల్ల పక్కనే కూర్చుంది.

లేచి అవతల కూర్చోమ్మా అని చెప్పి ఉండొచ్చు. మనసొప్పలేదు.

కాసేపటికి ఓబులేసు పిలిచాడు. "అన్నా, క్యూ ఎస్ వై." నేను ఇయర్‌ఫోన్ తగిలించుకుని ఛానెల్ మార్చాను. తుమ్మ పొదల్లో బండి ఇరుక్కుని ఉంది, తాళంచెవి దానికే ఉంది, మనిషి లేడు. సరే అని మళ్లీ మొదటి ఛానెల్‌కు వచ్చాను. నా ముఖంలో ఏమీ కనబడకుండా నీళ్ల బాటిల్ మూత తీసి తాగాను. ఆ తర్వాత కొంతసేపటికి ఎస్సై వచ్చి, బండి దొరికిందమ్మా, మనిషి ఎక్కడన్నా ఒడ్డెక్కి ఉంటాడు, ధైర్యంగా ఉండు అని ఆయనే చెప్పాడు. పద్ధతి ప్రకారమే జరిగింది.

స్వరూప ఎస్సై చెప్పేది వింటూ నా వైపు చూసింది.

హాల్లో ఒక పెద్దాయన, బస్తీలో కిరాణా కొట్టు ఆయన, పక్కనే కూర్చుని నిట్టూర్చి, "వాన రాకడ ప్రాణం పోకడ ఎవరికెరుక తల్లీ" అన్నాడు. ఓదార్పు అనుకున్నాడు పాపం. నాకైతే ఆ బాటిల్ ఆయన నెత్తిన కొట్టాలనిపించింది. "తాతా, నువ్వు జర అటు పోయి కూసో" అన్నాను.

మధ్యాహ్నం మాధవి కూడా ఒకసారి రెండో ఛానెల్‌కు రమ్మంది. బడిలో ఒక గర్భిణికి రక్తం కనబడుతోంది, అంబులెన్సు కావాలి. ఆడవాళ్ల విషయం, నలుగురూ వినేలా చెప్పడం ఎందుకని ఆ పిల్ల అలా చేసింది. నేను ఇయర్‌ఫోన్ పెట్టుకోగానే స్వరూప కుర్చీలోంచి లేచి నిలబడింది.

"అన్నా, మా ఆయన గురించేనా?"

"కాదమ్మా. వేరే విషయం."

"నిజమేనా?"

"నిజం తల్లీ. బడిలో ఒకామెకు బాగలేదు."

కూర్చుంది. కాసేపాగి అంది, "పొద్దుగాల నువ్వు చెవుల పెట్టుకున్నవ్, గంటకు బండి దొరికిందన్నరు. నువ్వు చెవుల పెట్టుకుంటేనే నాకు పానం పోతుందన్నా. ఏందది? గా మాటలు మాకెందుకు వినబడొద్దు?"

 మా పద్ధతి ఇదీ అని చెప్తే, ఇక ప్రతిసారీ ఆమెకు అదే నరకం. చెప్పకపోయినా అదే నరకం. "ఆఫీసు మాటలుంటయమ్మా" అన్నాను. నమ్మలేదని తెలుస్తూనే ఉంది.

ఆమె దృష్టి మళ్లించడానికి, బిడ్డతో మాట్లాడతావా అని అడిగాను. ఆపరేటర్ పక్కనే ఉంటే అత్యవసరంలో లైసెన్సు లేనివాళ్లతో కూడా మాట్లాడించవచ్చు. మాధవిని పిలిచి, అక్షిత అనే పాప ఉంటుంది, మూడో తరగతి, నానమ్మతో వచ్చి ఉంటుంది, చూడమన్నాను.

"ఇక్కడే ఉందండి. పొద్దున్నుంచీ నా పక్కనే కూర్చుందండి. నాకు అసిస్టెంటండి" అంది మాధవి.

స్పీకర్లో ఒక సన్నటి గొంతు, "అమ్మా, అక్షిత మాట్లాడుతున్న. ఓవర్!" అంది. హాలంతా ఇటు తిరిగింది. స్వరూపకు బటన్ ఎలా నొక్కాలో చూపించాను.

"బిడ్డా, తిన్నవా?"

"ఓవర్ అనాలమ్మా! నువ్వు ఓవర్ అనకపోతే నాకెట్ల తెలుస్తది అయిపోయిందని?" అని కోప్పడింది అక్షిత. "ఉప్మా పెట్టిన్రు. నానమ్మ తినలే, నేను తిన్న. నా బుక్కుల సంచి తడవలే అని నాయినకు చెప్పు. నాయిన వచ్చిండా? ఓవర్."

స్వరూప బటన్ నొక్కిపట్టి ఉంది, మాట రావడం లేదు. బటన్ నొక్కి ఉంటే అవతలి వాళ్లు మాట్లాడలేరు, మనం మాట్లాడేదాకా వేచి ఉండాలంతే. ఆ పాప ఎంత ఓపికగా వేచి ఉందో. చివరికి స్వరూప, "ఇంకా రాలే బిడ్డా. వచ్చినంక చెప్త. ఓవర్" అంది. మైకు నా చేతికిచ్చి, చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

వాన సన్నబడింది. సాయంత్రం కాబోతుండగా ఓబులేసు పిలిచాడు. "అన్నా." అంతే. కాసేపటికి, "అన్నా, క్యూ ఎస్ వై" అన్నాడు. ఆ గొంతులో పొద్దుటి ఓబులేసు లేడు. అంత పెద్ద గొంతు ఇంత చిన్నదైపోతుందని నేను ఎన్నడూ అనుకోలేదు. 

చెయ్యి అలవాటుగా ఇయర్‌ఫోన్ మీదికి పోయింది. స్వరూప దాని తీగ పట్టుకుంది. గట్టిగా కాదు, రెండు వేళ్లతో.

"వొద్దన్నా. చెవుల పెట్టుకోకు."

"అమ్మా, ఎస్సై గారొచ్చి..."

"ఎస్సై వచ్చేదాంక నేను నీ మొకం చూసుకుంట కూసోవాలెనా? పొద్దున బండి అప్పుడు గంట సేపు కూసున్న. నీకు తెలిసి గూడ నాకు తెల్వకుంట కూసున్న. నా మొగనిది నాకు చెప్పనీకి ఏందన్నా మీకు? నీ కాళ్లు మొక్కుత. నాకు ఇనబడనియ్యి."

ఇలాంటప్పుడు ఏం చెయ్యాలో లైసెన్సు పరీక్షలో అడగరు. ఓబులేసు రెండో ఛానెల్లో ఎదురు చూస్తున్నాడు. మొదటి ఛానెల్లోనే చెప్పమందామంటే, బడిలో మాధవి స్పీకరు దగ్గర ఆ పాప కూర్చుని ఉంది. నేను ఛానెల్ మార్చాను. ఇయర్‌ఫోన్ తీగ మాత్రం సెట్టుకు పెట్టలేదు. ఈ మాట పైన ఎవరికైనా తెలిస్తే నన్ను నెట్ కంట్రోల్ నుంచి తీసేస్తారని తెలుసు. తీస్తే తియ్యనీ అనుకున్నాను.

"చెప్పు ఓబులేసూ" అన్నాను. పక్కన ఆమె ఉందని చెప్పాలి కదా, చెప్పలేదు. అంతలోనే అతను మొదలుపెట్టేశాడు.

"దొరికినాడన్నా. నాలా పోయి కలిసే చెరువు తూము కాడ, గుర్రపుడెక్క కింద ఉన్నాడు. నీలం గళ్ల చొక్కా, చేతికి ఎర్ర దారం. నువ్వు చెప్పిన గుర్తులన్నీ సరిపోయినాయి. పోయి శానా సేపయినట్టుంది. ఒడ్డుకు తీసినాము. అన్నా, ఆయమ్మ నీ కాడనే ఉంది కదా. ఎట్ల చెప్తావన్నా? నా వల్ల కాదు, నేనైతే చెప్పలేను."

స్వరూప ఏడవలేదు. నా చేతిలోంచి మైకు తీసుకుంది. నేర్పినట్టే బటన్ నొక్కింది.

"అన్నా, నేను విన్న. మొకం మీద ఏమన్న కప్పుండ్రి. వాన పడుతుంది." ఒక క్షణం ఆగి, "ఓవర్" అంది.

 తర్వాత ఓబులేసు, "కప్పినానమ్మా. నా కండువా కప్పినా. నేను ఈడనే ఉంటా, నువ్వొచ్చేదాకా కదలను" అన్నాడు. ఇంకేదో అనబోయి బటన్ వదిలేశాడు.

నేనేదో ఒకటి అనాలని, "అమ్మా స్వరూపా" అన్నాను. ఆమె నా వైపు చూడకుండా సెట్టు వైపే చూస్తూ, "బిడ్డకు ఎవలూ చెప్పొద్దన్నా. గా మేడమ్‌కు చెప్పు, నేను పోయేదాంక దానికి తెల్వొద్దు. నేనే పోయి చెప్త. దానికి ఇంత అన్నం తినిపియ్యమను" అంది. తర్వాత కొంచెం తడబడి, "ఈ మాట మటుకు చెవుల పెట్టుకొని ఇనమను మేడమ్‌ను" అంది.

ఇందాక తీగ పట్టుకుని ఇయర్‌ఫోన్ వద్దన్నది ఆమే. దాన్నే ఇప్పుడు బిడ్డ కోసం అడుగుతోంది.  మొదటి ఛానెల్‌కు వచ్చి, వీలైనంత మామూలు గొంతుతో, "మాధవమ్మా, క్యూ ఎస్ వై" అన్నాను.

మాధవి మారింది. విషయం చెప్పాను. తల్లి చెప్పమన్న మాట చెప్పినట్టే చెప్పాను, అన్నం సంగతి కూడా. మా దగ్గర ఒకరి కబురు ఇంకొకరికి చేరవేసేటప్పుడు మన మాట కలపకూడదు.

  మాధవి చాలా మెల్లగా, గుసగుసగా మాట్లాడింది.

"విన్నానండి. అలాగే చేస్తానండి. కానీ యాదగిరి గారూ, నేను ఇయర్‌ఫోన్ పెట్టుకోగానే పాప నా చెయ్యి పట్టుకుందండి. ఇప్పుడు కూడా పట్టుకునే ఉందండి. 'అక్కా, మా నాయిన దొరికిండా' అని అడుగుతోందండి. నేనేం చెప్పనండి?"

నా స్పీకరు పైకే మోగుతోంది. స్వరూప ఆ మాట విన్నది. భర్త చావు కబురు విని ఏడవని మనిషి, అప్పుడు కుర్చీలోంచి కిందికి జారి, "అయ్యో బిడ్డా, అయ్యో నా బిడ్డా" అని నేల మీద చేతులు కొట్టుకుంటూ ఏడ్చింది. ఇందాకటి కిరాణా తాత వచ్చి ఆమె తల తన మోకాలికి ఆనించుకుని కూర్చున్నాడు. ఈసారి ఆయనేమీ అనలేదు. అంత వయసొచ్చిన మనిషిని పొద్దున కసిరినందుకు నాకు బాధేసింది.

పోలీసు జీపులో ఆమెను బడికి పంపించారు. ముందు బిడ్డ దగ్గరికే పోతానంది, తర్వాతే చెరువు దగ్గరికి అంది. నేను బల్ల వదిలి వెళ్లడానికి లేదు, నెట్ నడుస్తూనే ఉంది. పాలు కావాలని ఒకరు, పడవ ఎక్కడుందని ఒకరు పిలుస్తూనే ఉన్నారు. జీపు బడికి చేరే సమయానికి మాధవిని పిలిస్తే పలకలేదు. సెట్టు ఆపేసింది. నెట్ నడుస్తుండగా చెప్పకుండా సెట్టు ఆపడం మాలో చాలా పెద్ద తప్పు. ఆ రోజు ఎవరూ దాని గురించి అడగలేదు. చీకటి పడేదాకా ఓబులేసు కూడా చెరువు గట్టు మీదే ఉన్నాడు, మాట ఇచ్చినట్టే.

నీళ్లు తగ్గాక ఒక ఆదివారం క్లబ్బు కూర్చుంది. సన్మానం చేస్తామని ఎవరో కాలనీ వాళ్లు కబురు పంపారు, ఎవరికీ వెళ్లబుద్ధి కాలేదు. ఓబులేసు నా మీద లేచాడు. "ఆయమ్మ వింటా ఉందని నాకొక్క మాట చెప్పల్యా అన్నా నువ్వు? తెలిసుంటే అట్లనా చెప్తా నేను? గుర్రపుడెక్క కింద అని అంటానా?" అన్నాడు. నిజమే. కానీ చెప్పి ఉంటే అతను అసలు నోరే తెరిచేవాడు కాదు. ఇద్దరం గట్టిగానే అరుచుకున్నాం. కొందరు పద్ధతి పద్ధతే, దాన్ని మీరితే రేపు ఇంకా ఘోరమవుతుంది అన్నారు. మర్యాద కోసం పెట్టుకున్నది, ఎందుకు మార్చాలన్నారు. నేనూ తేల్చి చెప్పలేకపోయాను. నేను చేసింది ఒప్పో తప్పో ఇవాళ్టికీ నాకు తెలియదు.

 చివర్లో మాధవి మాట్లాడింది.

"వాళ్లమ్మ వచ్చి చెప్పాక పాప ఏమందో తెలుసాండీ? ఏడవలేదండి ముందు. నా వైపు చూసి, వాళ్లమ్మతో 'అక్కకు తెలుసు, నీకు తెలుసు, పోలీసులకు తెలుసు. మా నాయిన గురించి అందరికి తెలుసు, నాకే చెప్పలే' అందండి. అన్నం కూడా తినిపించానండి నేను. నాన్న వస్తే సంచి చూపిస్తానంటూ తిందండి. అది తలుచుకుంటే నాకు నిద్ర పట్టట్లేదండి."

ఆ రోజే మా పద్ధతి మార్చుకున్నాం.

మా పని మాటను చేరవెయ్యడం. మాట ఎవరికి వినబడకూడదో చూసుకోవడమే మర్యాద అనుకున్నాం ఇన్నాళ్లూ. మేం తీగ చెవిలో పెట్టుకున్న క్షణమే పక్కనున్న మనిషికి సగం తెలిసిపోతుందనీ, మిగతా సగం కోసం ఆ మనిషి ఒంటరిగా కాలిపోతుందనీ మాకు తట్టలేదు. ఇప్పుడు మా క్లబ్బులో ఇంటివాళ్లను సెట్టు దగ్గర కూర్చోనివ్వం. అలాగని వాళ్లను ఒంటరిగానూ వదలం. వాళ్ల పక్కన చేతిలో సెట్టు లేని మనిషి ఒకరు ఉంటారు. ఏ చిన్న కబురొచ్చినా, మంచిదైనా చెడ్డదైనా, ఎస్సైని కూడా పిలుచుకుని వెంటనే వెళ్లి వాళ్లకే ముందు చెప్తాం. పిల్లలుంటే, ఎవరు చెప్పాలని తల్లినో తండ్రినో అడుగుతాం. అడిగి, వాళ్లను వెంటనే పిల్లల దగ్గరికి చేరుస్తాం. మిగతా పనులన్నీ తర్వాత.

మరుసటి వానాకాలం ప్రగతి నగర్ వైపు ఒక కాలేజీ పిల్లవాడు చెరువులో పడ్డాడు. కబురు నా సెట్టుకే వచ్చింది. బల్ల ఇంకొకరికి అప్పజెప్పి, సెట్టు అక్కడే వదిలేసి, చెట్టు కింద నిలబడ్డ అతని తండ్రి దగ్గరికి ఎస్సైతో కలిసి నడిచాను. నన్ను చూడగానే ఆయనకు తెలిసిపోయింది. అయినా ఆయన పేరు పెట్టి పిలిచి, చెయ్యి పట్టుకుని, ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆయన నా చెయ్యి చాలాసేపు వదల్లేదు.